నర్సమ్మను క్షమించారు

క్షమాపణ అన్న మాట చెవిన పడితేనే నాకు రోత పుడుతోంది. ఆదివారం ఆదివారం చర్చికి పోయే మనిషిని, ఇలా అనకూడదని నాకూ తెలుసు. అయినా అంటాను. ఈ ఏడాది శ్రమదినాల్లో మా ఇంట్లో జరిగింది మీ ఇంట్లో జరిగి ఉంటే మీరూ అంటారు.

శ్రమదినాలంటే ఈస్టరుకు ముందు మేము ఉపవాసాలుండే నలభై రోజులు. బెంగళూరు శివార్లలో, హెబ్బగోడిలో మా తెలుగు సంఘం చిన్నది. ఫ్యాక్టరీ పనివాళ్ళు, పెయింటర్లు, నాలాంటి నర్సులు, ఇద్దరు ముగ్గురు టీచర్లు. చర్చి అంటే ఒక మేడ మీద వేసుకున్న రేకుల షెడ్డు. ఆ నలభై రోజులూ సాయంత్రాలు రోజుకొకరి ఇంట్లో కూడిక పెట్టుకుంటాం. పాటలు, ప్రార్థన, పాస్టరు ప్రకాశం అయ్యగారి నాలుగు మంచి మాటలు, చివర్న ఆ ఇంటివాళ్ళ సాక్ష్యం. తరువాత ఉప్మా, టీ. ఈసారి ఎండలు ముందే ముదిరి బోర్లన్నీ ఎండిపోయాయి గనుక, నీళ్ళ ట్యాంకరు వచ్చే వేళ చూసుకుని కూడిక పెట్టుకోవాల్సి వచ్చింది.

సాక్ష్యమంటే కోర్టులో చెప్పేది కాదు. మనిషి లేచి నిలబడి, తానొకప్పుడు ఎంత పాడైపోయాడో, దేవుడు తననెలా మార్చాడో నలుగురి ముందూ ఒప్పుకోవడం. అందులో మావాళ్ళకొక అలవాటుంది. తనను తాను ఎంత తిట్టుకుంటే అంత మంచి సాక్ష్యం. ఒక గ్లాసు తాగినవాడు సీసా తాగానంటాడు. పెళ్ళాన్ని ఒక దెబ్బ కొట్టినవాడు చంపబోయానంటాడు. విన్నవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు, ఉప్మా తింటారు, మర్నాడు ఆ మాట ఎత్తరు. ఆ గది దాటి పోదు గనుక ఎవరికీ నష్టం ఉండేది కాదు.

మా ఇంట్లో సాక్ష్యం చెప్పేది మా ఆయన దేవదానం. పెయింటింగు మేస్త్రీ. మా జెస్సికాకు మూడేళ్ళప్పుడు, బ్రష్షులు కొనడానికి ఊరి నడిమధ్య ఉండే నగర్తపేటకు పోతూ, పిల్ల ఏడుస్తోందని వెంట తీసుకుపోయాడు. అక్కడ తాగాడు. పిల్లను అక్కడే ఒక సందులో మర్చిపోయి, ఒక్కడే బస్సెక్కి ఇంటికొచ్చి పడుకున్నాడు. సందు మొదట్లో గుడి ముందు పూలమ్మే నర్సమ్మ, ఏడుస్తున్న పిల్లను ఎత్తుకుని పోలీస్ స్టేషనుకు తీసుకుపోయింది. పిల్ల ఆమె మెడ వదలకపోతే ఆ రాత్రంతా స్టేషను బల్ల మీదే కూర్చుండిపోయింది. నైట్ డ్యూటీ దిగి పిల్ల లేదని చూసుకుని, తెల్లారి నేను ఏడ్చుకుంటూ స్టేషనుకు పోయేసరికి జెస్సికా ఆమె ఒడిలో నిద్రపోతోంది, తల్లో కనకాంబరాలు. ఆ రోజు నుంచి దేవదానం మందు ముట్టలేదు. జెస్సికా నర్సమ్మను పూలవ్వ అంటుంది. ప్రతి క్రిస్మసుకూ మేము కేకు తీసుకుపోతాం, ఉగాదికి ఆమె ఒబ్బట్లు పంపిస్తుంది. ఇదీ సంగతి. ఇంతకు మించి ఒక్క ముక్క కూడా లేదు. మీరైనా గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే తరువాత ఎవరూ గుర్తు పెట్టుకోలేదు.

అయ్యగారి కొడుకు క్రిస్టోఫర్‌కు ఏదో కంపెనీలో వీడియోలు ఎడిటింగు చేసే ఉద్యోగం ఉండేది. అది ఊడింది. ఊడిన నెలకే, దేవుడు తనను మీడియా పరిచర్యకు పిలిచాడని చెప్పడం మొదలుపెట్టాడు. సంఘం పేరున యూట్యూబులో ఛానెలు తెరిచాడు. మా ఇంటి వంతు వచ్చిన రోజు మూడు కాళ్ళ స్టాండూ గుండ్రటి లైటూ పట్టుకుని అందరికన్నా ముందే దిగాడు. అడ్డంగా ఉందని నా బియ్యం డబ్బా జరిపి అక్కడ స్టాండు పెట్టాడు.

"ఇదేందప్పా క్రిస్టోఫరూ?" అన్నాను.

"ఏం లేదక్కా. అన్న సాక్ష్యం రికార్డ్ చేసి మన చర్చి ఛానెల్‌లో పెడతా. మనవాళ్ళే చూస్తారు."

"మనవాళ్ళు ఈడనే కూర్చోని వింటారు కదా. మళ్ళా చూసేదేముండాది?"

"రాలేనోళ్ళు ఉంటారు కదక్కా. నైట్ షిఫ్ట్‌లో ఉండేవాళ్ళు."

నేనూ నైట్ షిఫ్టులు చేసే మనిషినే గనుక నా నోరు మూతబడింది. దేవదానం ఎప్పటిలాగే చెప్పాడు. మర్చిపోయి వచ్చేశానని చెప్పేచోట ఎప్పటిలాగే గొంతు పూడుకుపోయి కాసేపు ఆగాడు. అయ్యగారు భుజం తట్టారు. అందరం టీ తాగాం.

వారం తిరక్కుండా క్రిస్టోఫర్ మళ్ళీ వచ్చాడు. ఆ వీడియోను ఎవరూ చూడలేదట. నేను డ్యూటీకి పోవడానికి చీర మార్చుకుంటూ లోపల్నుంచి అంతా విన్నాను.

"అన్నా, నీ స్టోరీలో దమ్ముంది. చెప్పేదాంట్లో హుక్ లేదు. ఫస్ట్ మూడు సెకన్లలోనే జనం ఆగిపోవాల. మర్చిపోయినా అంటే ఎవుడాగుతాడు? అందరూ ఏదో ఒగటి మర్చిపోతారు."

"జరిగింది అదే కదప్పా," అన్నాడు దేవదానం.

"నీకు గుర్తుండాదా, ఏం జరిగిందో?"

ఆ రోజు మధ్యాహ్నం నుంచి మా ఆయనకేమీ గుర్తులేదు. ఆ సంగతి సంఘమంతటికీ తెలుసు.

"మందు ఎవురు తాపించినారు నీకు? ఆ పూలామె ఊరికే నీ బిడ్డను ఎందుకు ఎత్తుకుంటాది? అట్ల జరిగిందని నేను చెప్పడం లేదన్నా. జరగలేదని నువ్వు చెప్పగలవా అని అడుగుతా ఉండా, అంతే. పాపం ఎంత పెద్దగా కనిపిస్తే కృప అంత పెద్దగా కనిపిస్తాది. నీ సాక్ష్యం విని ఎంతమంది తాగుబోతులు మారతారో ఆలోచన చెయ్."

నేను బయటికొచ్చి, "ఆ నర్సమ్మ జోలికి పోయినారంటే బాగుండదు, చెప్తా ఉండా," అన్నాను.

"అయ్యో, ఊరికే మాట్లాడుకుంటా ఉండామక్కా," అని నవ్వాడు. వాడలా నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది. బస్సుకు టైమైపోతోందని వెళ్ళిపోయాను.

ఆ శుక్రవారం కూడిక సర్జాపుర రోడ్డు దగ్గర, టీచరు సుగుణమ్మ ఇంట్లో. సాక్ష్యం ఆమెది కావాలి. ఆమెకు గొంతు పట్టేసిందనీ, బదులుగా దేవదానన్న మళ్ళీ చెబుతాడనీ క్రిస్టోఫర్ ప్రకటించాడు. నేను వంటింట్లో టీ వడగడుతున్నాను. హాల్లోంచి మా ఆయన గొంతు వినబడుతోంది. నగర్తపేటదాకా మామూలుగానే వచ్చాడు. అక్కడ ఆగాడు. కొంచెం ఎక్కువసేపే ఆగాడు.

"అక్కడ గుడి ముందర పూలమ్మే ఒక ఆమెకు, ఒక సీసా మందు కోసం, నా కన్నబిడ్డను అమ్మేసినాను," అన్నాడు.

హాల్లో ఎవరో దేవా అని మూలిగారు. సుగుణమ్మ నా పక్కకొచ్చి, చక్కెర సరిపోయిందో లేదో చూడమంది. నేను చూసి సరిపోయిందన్నాను.

ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో జెస్సికా లేదు, పరీక్షలకు చదువుకుంటానని ఆ పూట రాలేదు. అందుకే గట్టిగా అడగగలిగాను.

"ఎందుకయ్యా అట్ల చెప్పినావు?"

"నన్ను నేనే కదా తిట్టుకునింది. నీకేం పోయింది?"

"అమ్మినోడు ఉంటే కొన్నోళ్ళు ఉండాల కదా. ఆమె ఏమైతాది?"

దేవదానం నా ముఖం చూశాడు. ఈ లెక్క అతనికి తట్టనే లేదని ఆ చూపులోనే తెలిసింది. ఇన్నేళ్ళుగా తనను తాను తిట్టుకోవడమే నేర్చుకున్న మనిషి. తన ముఖానికి ఎంత మసి పూసుకున్నా అది తనదే అనుకున్నాడు.

"పేరు చెప్పలేదు కదా," అన్నాడు చివరికి.

ఆ వీడియోకు క్రిస్టోఫర్ పెట్టిన బొమ్మ ఇదీ. ఎవరి పిల్లో తెలియదు, ఏడుస్తున్న ముఖం. దాని మీదికి ఎర్ర బాణం. ఒక మూల మా ఆయన కన్నీళ్ళు, ఇంకో మూల సారా సీసా. 'సీసాకు కూతుర్ని అమ్మిన తండ్రి' అని పసుప్పచ్చ అక్షరాలు. నిమిషం కూడా లేని ముక్కగా కోసి వదిలాడు. రెండు రోజుల్లో లక్ష దాటిందన్నాడు. తరువాత ఎన్ని దాటిందో నేను అడగలేదు, వాడు చెప్పడం మానలేదు.

దేవదానం ఫోను మోగడం మొదలైంది. కర్నూలు నుంచి ఒకరు, హోసూరు నుంచి ఒకరు, మా సభలకు రండి బ్రదర్ అని. పనికి పోతే సైటులో టైల్సు వేసేవాళ్ళు, నీళ్ళు పట్టేవాళ్ళు చుట్టూ మూగి మీరేనా అని అడుగుతున్నారట. ఇన్నేళ్ళూ రంగుచుక్కల చొక్కాతో తల వంచుకుని నడిచిన మనిషి, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని తల ఎత్తుకోవడం చూశాను. భార్యనై నేను సంతోషించాలి కదా? అద్దం ముందు నిలబడి ఎక్కడ ఆగాలో, ఎక్కడ కళ్ళు మూయాలో చూసుకుంటున్నాడు. ఒకప్పుడు ఆ మాట దగ్గర నిజంగా గొంతు పూడుకుపోయేది. ఇప్పుడు పూడ్చుకుంటున్నాడు. తాగి పడిపోయిన రోజుల్లో కూడా ఈ మనిషి మీద నాకింత అసహ్యం వేయలేదు. అప్పుడు కోపం ఉండేది, ఏడుపు ఉండేది. ఇది వేరు. పక్కన కూర్చుంటే లేచి పోవాలనిపించేది.

ఒక మధ్యాహ్నం జెస్సికా పరీక్ష రాసొచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా వంటింటి గుమ్మంలో నిలబడింది.

"అమ్మా, నన్ను నిజంగా అమ్మినాడా డాడీ?"

"ఏమే, నీకు తెలీదా ఏం జరిగిందో? చిన్నప్పటినుంచీ వింటా ఉండావు."

"తెలుసు. కానీ ఆ వీడియో మళ్ళీ మళ్ళీ చూసినా. కాలేజీలో అందరూ పంపిస్తా ఉండారు. చూసేకొద్దీ అదే నిజమేమో అనిపిస్తా ఉండాది. పూలవ్వ డబ్బాలోంచి ఏదో తీసి డాడీకి ఇచ్చినట్టు నాకు గుర్తొస్తా ఉండాది అమ్మా. అది నిజంగా గుర్తేనా?"

గరిటె పక్కన పెట్టాను. కన్నబిడ్డ తలలోకి చెయ్యి పెట్టి, ఉన్నది తీసి లేనిది పెట్టారు. దగ్గరికి లాక్కుని, స్టేషను బల్ల దగ్గర్నుంచి మొత్తం మళ్ళీ చెప్పాను. తల ఊపింది. నమ్మిందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు.

తరువాత అసలు పాడు మొదలైంది. జెస్సికా ఇన్‌స్టాగ్రాములో పోయిన క్రిస్మసు ఫోటో ఒకటుంది. నర్సమ్మ నోట్లో కేకు ముక్క పెడుతూ తీసుకున్నది, వెనక గుడి మెట్లు, కింద 'నగర్తపేట, మా పూలవ్వ' అని రాసుకుంది. కామెంట్లు రాసేవాళ్ళకు వేరే పనేముంది? వెతికి వెతికి పట్టుకున్నారు. పూలమ్మే ఆమె, గుడి ముందర, నగర్తపేట. ఈమే ఆమె అని నర్సమ్మ ముఖం చుట్టూ గీత గీసి అందరికీ పంపారు.

ఒక రోజు వార్డులో నాతో పనిచేసే అమ్మాయి తన ఫోను తెచ్చి, "అక్కా, ఇది మీ స్టోరీ కదా," అంది. మైకు పట్టుకున్న కుర్రాడొకడు నర్సమ్మ మీదికి వంగి నిలబడ్డాడు. వెనక నలుగురైదుగురు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు.

"అమ్మా, పాపను ఎంతకి కొన్నారు? ఇంకా ఎంతమంది పిల్లల్ని కొన్నారు? చెప్పండమ్మా, జనానికి సమాధానం చెప్పండి."

"ఏమప్పా నీ మాట, నాకు అర్థం కాలే," అంటోంది నర్సమ్మ. "నేను స్టేషన్‌కి తీసుకుపోతి కదప్పా. పోయి వాళ్ళనడుగు."

వాడు వాళ్ళనెందుకు అడుగుతాడు? మైకు ఇంకా దగ్గరికి తోశాడు. నర్సమ్మ చెంగు ముఖం మీదికి లాక్కుంది. పూలబుట్ట ఎవరి కాలో తగిలి దొర్లిపోయింది. అక్కడితో వీడియో అయిపోయింది. కింద కామెంట్లు చదివాను, చదవకుండా ఉండాల్సింది. తప్పు చేయకపోతే ముఖమెందుకు దాచుకుంటుందని ఒకడు. ఇదంతా మతం మార్చేవాళ్ళ నాటకమని ఒక జట్టు, గుడి ముందు కూర్చుని పిల్లల వ్యాపారమా అని ఇంకో జట్టు. రెండు జట్లూ ఒకరి అమ్మల్ని ఒకరు తిట్టుకుంటున్నాయి. నర్సమ్మ ఎవరికీ అక్కర్లేదు. బాత్రూములోకి పోయి నిజంగానే వాంతి చేసుకున్నాను.

ఆమెకు ఫోను చేస్తే ఎత్తి, "ఇప్పుడు రావద్దు తల్లీ, ఇంగా గలాట అయితాది. గుడివాళ్ళు కూడా కొన్నాళ్ళు ఈడ కూర్చోవద్దన్నారు," అని పెట్టేసింది. మళ్ళీ చేస్తే స్విచ్ఛాఫ్. ఆ గుడి మెట్ల పక్కన ఆమె నేను పెళ్ళై బెంగళూరుకు రాకముందు నుంచీ కూర్చుంటోంది.

ఆ సాయంత్రమే దేవదానాన్ని వెంటబెట్టుకుని అయ్యగారి ఇంటికి పోయాను. వీడియో చూపించాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "నాకు ఈ ఫోన్లు తెలీవమ్మా ఎస్తేరూ. వాడు దేవుని పని చేస్తున్నాడనుకున్నా," అన్నారు. మంచి మనిషే. మంచితనం ఎందుకూ పనికిరాకుండా పోవడం అప్పుడు చూశాను.

"ఆ వీడియోలు తీసెయ్," అన్నాను క్రిస్టోఫర్‌తో.

"తీసేస్తే తప్పు చేసినట్టు అయితాదక్కా. ఆల్రెడీ అందరూ డౌన్‌లోడ్ చేసుకున్నారు, నా చేతిలో లేదు."

"పెట్టింది నీ చేతే కదప్పా."

"కోపం పడొద్దక్కా. ఒక ఐడియా చెప్తా. గుడ్ ఫ్రైడే లైవ్ ఉండాది. అన్నకు మొదటి మాట ఇస్తాం. అక్కడ అన్నే క్లారిటీ ఇచ్చేస్తాడు. ఆమె తప్పేం లేదని చెప్తే ఇది చూసినోళ్ళందరూ అదీ చూస్తారు. అయిపోతాది."

నేను దేవదానం వైపు తిరిగాను. "చెప్తావా?"

"చెప్తా మే," అన్నాడు. "ఆమెకు అన్యాయం జరిగింది. నేనే మర్చిపోయినా, ఆమె కాపాడింది అని చెప్తా." కళ్ళలో నిజమే కనబడింది. ఒట్లు పెట్టుకోవడం మాకు కూడదు గనుక మాట తీసుకున్నాను.

గుడ్ ఫ్రైడే నాడు యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడటం మా ఆచారం. మొదటి మాట తనను చంపుతున్నవాళ్ళను క్షమించమని తండ్రిని అడిగిన మాట. అది సంఘంలో అందరికన్నా పెద్దవాళ్ళకే ఇస్తారు. ఈసారి దేవదానానికిచ్చారు. రేకుల కింద ఎండ పేలిపోతోంది, పొద్దున్నుంచి ఎవరూ మంచినీళ్ళు కూడా ముట్టలేదు. అందరం తెల్లబట్టల్లో ఉన్నాం. స్టాండ్లు మూడయ్యాయి. క్రిస్టోఫర్ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, ఎంతమంది చూస్తున్నారో మా ఆయనకు కనబడేలా దాన్ని కాస్త తిప్పి పెట్టాడు. నేనూ జెస్సికా మూడో వరసలో చాప మీద కూర్చున్నాం.

దేవదానం మొదలుపెట్టాడు. తాగిన రోజులు చెప్పాడు. నగర్తపేట చెప్పాడు. అక్కడ ఆగాడు. అతను నా వైపు చూశాడు. తరువాత ల్యాప్‌టాప్ వైపు చూశాడు. అక్కడ కనబడిన అంకే అతనికి పెద్దదైపోయింది.

"నా బిడ్డను కొన్న ఆ తల్లిని చాలామంది తిడుతున్నారు," అన్నాడు. "తిట్టొద్దు. నన్ను దేవుడు క్షమించినాడు. ఈ పరిశుద్ధ దినాన నేను కూడా ఆమెను మనస్ఫూర్తిగా క్షమిస్తా ఉండాను."

షెడ్డంతా ఏడుపులు. ఆడవాళ్ళు హల్లెలూయ అంటూ చేతులెత్తారు. సుగుణమ్మ వెనకనుంచి నా భుజం పట్టుకుని, నీ భర్త ధన్యుడమ్మా అంది. నేను ఆమె చెయ్యి తీసేశాను.

క్రిస్టోఫర్ జెస్సికాకు సైగ చేశాడు, పైకి రమ్మని. తండ్రీ కూతుళ్ళు కౌగిలించుకోవాలని వాడు ముందే అనుకున్నాడట. జెస్సికా లేచింది. నడుచుకుంటూ పోయి తండ్రి చేతిలో మైకు తీసుకుంది.

"నన్నెవురూ కొనలేదు," అంది. "ఆమె నన్ను ఎత్తుకునింది. రాత్రంతా..."

అంతలోనే స్పీకర్లలో పాట అందుకుంది. పెద్దగా. పెదవులు కదులుతున్నాయి, మాట వినబడటం లేదు. "నెట్ పోయింది, నెట్ పోయింది," అంటున్నాడు క్రిస్టోఫర్, ముఖం కూడా ఎత్తకుండా. జెస్సికా మైకు కింద పెట్టి దిగి వచ్చేసింది. రెండో మాట చెప్పేవాళ్ళు లేచారు.

సాయంత్రానికి క్రిస్టోఫర్ దాన్ని కూడా ఛానెల్లో పెట్టేశాడు. క్షమిస్తున్నానని తండ్రి అనడం, చాప మీంచి కూతురు లేచి అతని వైపు నడవడం, వెనక వాయులీనం. అక్కడికి కోసేశాడు. చూసినవాళ్ళు ఆమె వాళ్ళ నాన్నను వాటేసుకోబోతోందనే అనుకుంటారు. అనుకున్నారు కూడా. ఇంత గొప్ప కూతురు అని వేలమంది చేతులు జోడించారు.

ఇంట్లో దేవదానం ఉపవాసం విడవకుండా మంచం మీద కూర్చున్నాడు.

"చెప్దామనే లేచినా మే," అన్నాడు. "అంతమంది చూస్తా ఉండారు. ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పినా అంటే నన్ను ఏమంటారు? మారిన మనుషులంతా మళ్ళా చెడిపోరా? అందుకే ఆమెను తిట్టొద్దని చెప్పినా కదా. అది మంచే కదా?"

జెస్సికా గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి అతని పక్కన పెట్టింది.

"అప్పుడు నువ్వు నన్ను మర్చిపోయినావు డాడీ, అంతే," అంది. "అమ్మింది ఇప్పుడు."

దేవదానం ఆ నీళ్ళు ముట్టుకోలేదు. ముట్టుకోమని నేనూ అనలేదు.

ఈస్టరు తెల్లవారుజామున అందరూ పాటలు పాడుకుంటూ చర్చికి పోతుంటే, నేనూ జెస్సికా నగర్తపేట బస్సెక్కాం. గుడి మెట్ల పక్కన నర్సమ్మ కూర్చునే చోట ఎవరిదో స్కూటరు పెట్టి ఉంది. పక్క కొట్టతనిని అడిగితే మమ్మల్ని ఎగాదిగా చూసి, ఏ ఛానెలు అన్నాడు. జెస్సికా కన్నడంలో బతిమాలింది. లోపలి సందులో, జరీ పని చేసే షెడ్డు వెనక గది చూపించాడు.

తలుపు మూసి ఉంటే తోసుకుని లోపలికి పోయాం. పగలే లోపల బల్బు వెలుగుతోంది. నర్సమ్మ నేల మీద కూర్చుని, ఎవరో తెచ్చి పోసిన మల్లెలతో మాలలు కడుతోంది. పెద్ద దుకాణాలకు కట్టి పంపడమట, బయట కూర్చునే పని లేదు. మమ్మల్ని చూసి లేచింది. ముఖం సగానికి సగం పీక్కుపోయింది.

"అవ్వా," అని జెస్సికా ముందుకు పోయింది.

నర్సమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. చేతులు చెంగులో దాచుకుంది.

"వద్దు తల్లీ, ఆడనే ఉండు. నిన్ను నేను ముట్టుకుంటే మళ్ళా ఏమంటారో."

"ఇక్కడ ఎవురూ లేరు అవ్వా."

"ఎప్పుడూ ఎవురూ లేరనే అనుకుంటాం."

నేను చేతులు జోడించాను. క్షమించు అనబోయాను, ఆ మాట నోట్లోనే చేదై ఆగిపోయింది. ఆ మాటను మావాళ్ళు ఏం చేశారో చూశాక దాన్ని ఆమె ముందు ఎలా పెట్టేది? "మా ఆయన చేసింది పాపం నర్సమ్మా," అన్నాను. "మేము పోలీసుల దగ్గరికి పోతాం. ఆ రోజు నిన్ను చూసినోళ్ళతో చెప్పిస్తాం."

"సుమ్మనుండండి, ఊరుకోండి," అంది. కోపంగా కాదు, బాగా అలిసిపోయినట్టు. "ఇంగ ఏం చెప్పిచ్చొద్దు. ఎంత చెప్తే అంత మంది వస్తారు. మా చెల్లి కూతురే అడిగింది నన్ను, నిజంగా ఏమన్నా తీసుకుంటివా పెద్దమ్మా అని. మా ఇంట్లో పుట్టిన బిడ్డే." కాసేపు జెస్సికా వైపు చూస్తూ నిలబడింది. "మొన్న ఆ పైసందులో ఒక బిడ్డ తప్పిపోయి ఏడుస్తా ఉండె. చిన్న బిడ్డ. చెప్పులు కూడా లేవు. నేను తలుపు సందులోంచి చూసి, తలుపేసుకుంటి. ఏమైందో నాకు తెలీదు. ఇంగ యా బిడ్డ ఏడ్చినా నేను లేచేది లే."

జెస్సికా గట్టిగా ఏడ్చేసింది. నర్సమ్మ చేతులు చెంగులోంచి బయటికి రాలేదు. నా బిడ్డ ఏడుస్తుంటే, ఆ రాత్రంతా దాన్ని ఒళ్ళోంచి దించని మనిషి, మూడడుగుల దూరంలో నిలబడి చూస్తూ ఊరుకుంది.

తరువాత తలుపు కొంచెం తెరిచి, తల బయటపెట్టి, సందులో ఇటూ అటూ చూసింది.

"ఎవురూ లేరు," అంది. "బిరిన పోండి. ఇద్దరూ ఒగటిగా పోవద్దు."

జెస్సికా ముందు నడిచింది. నేను కాసేపు ఆగి, ఎడంగా బయటికొచ్చాను.